బొమ్మ ఆపి చెప్పే టీచరమ్మ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి పై వాటాలో కోస్తా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కిరాయికి ఉండేది. బంద్ అని బడికి సెలవిస్తే ల్యాప్‌టాప్‌లో బ్రిటిష్ సీరియళ్లు చూసేది. పక్కన ఎవరైనా కూర్చుంటే, జోకు రాగానే బొమ్మ ఆపేది. ముందు తను కడుపు పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని, అప్పుడు తెలుగులో చెప్పేది.

అలా పక్కన కూర్చునేది మా నాన్నే. పోచంపల్లి చీరల దుకాణం షట్టర్ దించి, పొద్దున ధర్నాలో గొంతు పోయేలా అరిచి, మధ్యాహ్నం ఆమె దగ్గరికి పోయేవాడు. ఇంగ్లిష్‌లో ఎమ్మే చేసింది నేను. "నేను చెప్త గద నాన్నా" అంటే, "టీచరమ్మ మంచిగ చెప్తది బిడ్డా" అనేవాడు. ఆయన నవ్వు కిందికి వినబడుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఒక బంద్ రోజు ఆ నవ్వు వినబడలేదు. నాన్నకు టీ తీసుకుని పైకి వెళ్లాను. తెరమీద బట్టల మిల్లు మూతపడిన ఊరి కథ ఆగి ఉంది. నాన్న తల దించుకుని ఆమెకు చెబుతున్నాడు.

"మా నాయిన మగ్గం నేనే అమ్మిన. కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంత పూడుస్తుంటే మా అమ్మ అండ్ల కూసోని లేవలే."

ఆ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు.

టీచరమ్మ నన్ను చూసి కుర్చీ జరిపింది. "నీకివన్నీ తెలిసే ఉంటాయి కదమ్మా?"

"తెలుసు" అన్నాను.

నాన్న తలెత్తి నన్ను చూశాడు. కాదనలేదు.