ఆ బిడ్డకు అన్నం ఎవరు పెట్టారు?

మా ఎదురింటి అక్క పోయింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం బావగారు ఫోన్ చేసి, "మీ అక్క వెళ్లిపోయిందమ్మా. చిన్నోణ్ణి తీసుకుని రండి" అన్నారు. చూడండి, నన్ను రమ్మనలేదు, చిన్నోణ్ణి తీసుకురమ్మన్నారు. చిన్నోడంటే మా అబ్బాయి. వాడికి ఆవిడ పాలిచ్చిన తల్లి. ఈ సంగతి ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కొందరికి నచ్చలేదు. నచ్చనివాళ్లు కూడా చదవాలనే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మేము అమెరికాలో నోవై అనే ఊరికి వచ్చాం. మా ఆయనకి కార్ల కంపెనీలో ఉద్యోగం. మాది గుంటూరు వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలం. అక్కావాళ్లది తెనాలి దగ్గర, ప్రతి ఆదివారం తెలుగు చర్చికి వెళ్లే క్రైస్తవులు. అపార్ట్‌మెంట్‌లో మా తలుపు తీస్తే ఎదురుగా వాళ్ల తలుపు. మేం దిగిన రోజే అక్క నా కాళ్ల వైపు చూసి, "ఈ చెప్పులేంటే తల్లీ, ఈ మంచులో వేళ్లు ఊడిపోతాయి" అని తన పాత బూట్లు తెచ్చి నా ముందు పడేసింది. నా కాళ్లకి పెద్దవి. లోపల సాక్స్ కుక్కుకుని ఆ చలికాలమంతా వాటితోనే నడిచాను.

మరుసటి చలికాలంలో మావాడు పుట్టాడు. పురుటి మంచం దిగకముందే నాకు రొమ్ములో గడ్డ లేచింది. కోసి, మందులిచ్చి, బిడ్డకి నా పాలు పట్టొద్దన్నారు. డబ్బా పాలు పడితే వాడు కక్కేసేవాడు. డాక్టర్ డబ్బా మార్చాడు, మళ్లీ మార్చాడు. ఏదీ వాడి ఒంటికి పట్టలేదు. బరువు ఇలాగే తగ్గితే హాస్పిటల్లో పెట్టుకోవాల్సి వస్తుందని, అప్పుడు కూడా ఏమీ చెప్పలేనని అన్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేక వాడు నోరు తెరిచి పడుకునేవాడు.

అప్పటికి అక్కకి చంకలో నెలల పాప. ఓ పొద్దున వచ్చి, తన పాపని మా సోఫాలో పడుకోబెట్టి చేతులు చాపింది.

"ఇటివ్వవే వాణ్ణి. నా దగ్గర బోలెడు పాలున్నాయి, పిండి సింక్‌లో పోస్తున్నా."

ఇచ్చేద్దామని ప్రాణం లాగింది. కానీ చెప్పకుండా ఇవ్వడం తప్పు. "అక్కా, మాలో ఒక కట్టుబాటుంది. నువ్వు పాలిస్తే వీడికి తల్లివైపోతావు, ఊరికే మాటవరసకి కాదు. మీ పాప వీడికి సొంత అక్క అవుతుంది. రేపు పెద్దయ్యాక వీళ్లిద్దరికీ పెళ్లి కూడా కుదరదు. ఆలోచించుకో."

"వీడు ముందు బతకాలి కదే, పెళ్లి దాకా వెళ్లావు! తల్లినైతే అవుతాలే. ఇంకా?"

మా ఆయన మంచివాడే, కానీ పెద్దలు అంటే భయం. గుంటూరులో వాళ్ల అన్నయ్యకి ఫోన్ కలిపాడు. అటునుంచి ఆయన, వేరే మతం మనిషి పాలేంటి, ఇంకేమైనా దారి చూడండి అంటున్నాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఫోన్ లాక్కున్నాను. "బావగారూ, మన ప్రవక్త ఎవరి పాలు తాగి పెరిగారు? హలీమా పాలు తాగి. ఆ రోజున ఆవిడ ముస్లిమా? ఇస్లాం ఇంకా రానేలేదు. ఆవిడని ఎవరైనా మతం అడిగారా?" ఫోన్ పెట్టేశాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క అప్పటికే మావాణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది. వాడు గుటకలు వేస్తున్న చప్పుడు వినబడుతోంది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను.

వాడు కడుపు నిండి నిద్రపోయాక అక్క అడిగింది, "ఇంతకీ ఎవరే ఆ హలీమా?"

అలా మొదలయ్యాయి మా మధ్యాహ్నాలు. బయట మంచు, కిటికీ పక్కన సోఫా, అక్క ఒళ్లో మావాడు. నేను మా నాయనమ్మ చెప్పినవి చెప్పేదాన్ని. ఎడారి పల్లెల నుంచి పాలిచ్చే ఆడవాళ్లు మక్కాకి వచ్చేవారు. పట్నం పిల్లల్ని తీసుకెళ్లి పెంచడం అప్పటి ఆనవాయితీ. ఆ ఏడు కరువు. హలీమా ఎక్కిన ఆడగాడిద బక్కచిక్కి అందరికంటే వెనకబడింది. మా ప్రవక్త పుట్టకముందే తండ్రి పోయిన బిడ్డ, అందుకే కూలి ఇచ్చేవాళ్లెవరని ఏ దాదీ తీసుకోలేదు. చివరికి అందరికీ పిల్లలు దొరికారు, హలీమాకి ఎవరూ దొరకలేదు. వట్టి చేతులతో పోవడం ఇష్టం లేక ఆ బిడ్డనే ఎత్తుకుంది. ఎత్తుకోగానే ఆవిడకి పాలు పొంగాయట, తిరుగుదారిలో ఆ గాడిద అందర్నీ దాటిపోయిందట.

అక్క పకపకా నవ్వింది. వాళ్ల పాత కారు చలికి స్టార్టయ్యేది కాదు. ఆ మర్నాడు అదెందుకో ఒక్క తిప్పుకే కదిలింది. ఇంక అప్పట్నుంచీ దాని పేరు హలీమా గాడిద. "ఏవండీ, హలీమా గాడిద తాళాలివ్వండి, చర్చికి టైమవుతోంది" అని బావగారి మీద కేకలేసేది.

కానీ నవ్వు ఒక్కటే కాదు. ప్రవక్తకి ఆరేళ్లప్పుడు తల్లి ఆమినా ప్రయాణంలో దారిలోనే చనిపోయిందని చెప్పిన రోజు అక్క మావాణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తనకీ చిన్నప్పుడే అమ్మ పోయింది. అడిగింది: "మరి ఆ బిడ్డకి అన్నం ఎవరు పెట్టారే?"

తోడున్న పనిమనిషి ఉమ్మె ఐమన్ ఆ పిల్లవాణ్ణి మక్కాకి తీసుకొచ్చిందని చెప్పాను. తర్వాత తాతగారు పక్కన కూర్చోబెట్టుకుని తినేవారు. ఆయన కూడా పోయారని చెబితే మళ్లీ అదే ప్రశ్న, "అప్పుడెవరు పెట్టారు?" పెదనాన్న అబూతాలిబ్ ఇంటికి చేరాడు, పిల్లలు ఎక్కువున్న ఇల్లు, అయినా ఆ పెద్దమ్మ తన పిల్లలకంటే ముందు ఈయనకే పెట్టేదని చెప్పాను. అక్క మావాడి తల నిమురుతూ, "అదీ! మీ మగాళ్లు ఆయన గొర్రెలు కాసిందీ, వర్తకానికి వెళ్లిందీ చెబుతారు. పెట్టినవాళ్ల పేర్లు ముందు చెప్పాలి" అంది. మా ఇంట్లో ఇప్పటికీ అలాగే చెబుతాం.

చర్చిలో ఒకావిడ, ఆ కథలన్నీ వింటున్నావట అని నిలదీస్తే అక్క కుండబద్దలు కొట్టినట్టు చెప్పిందట: "పసిబిడ్డ కథ వింటే నా ప్రభువుకి కోపమెందుకొస్తుంది? ఆయనా పసిబిడ్డగానే వచ్చాడు."

మావాడు బుగ్గలు ఊరి, బోర్లాపడి, అన్నం తినే దాకా వచ్చాడు. చివరిసారి పాలిచ్చిన రోజు అక్క అడిగింది, "హలీమా తర్వాత ఏమైందే? మర్చిపోయారా ఆవిణ్ణి?"

"లేదక్కా. ఎన్నో ఏళ్లకి ఆవిడ చూడ్డానికొస్తే ఆయన గబుక్కున లేచి, తన పైబట్ట నేల మీద పరిచి, 'మా అమ్మ, మా అమ్మ' అంటూ కూర్చోబెట్టారట."

అక్క కళ్లు తుడుచుకుంది. "నాకు బట్టలేం పరవక్కర్లేదులే. వీడు నన్ను చూసి లేచి నిలబడితే చాలు."

అది నేను వదిలిపెట్టలేదు. వాడికి నడక వచ్చిన దగ్గర్నుంచీ నేర్పాను. మేం రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కుని వెళ్లాక కూడా, అక్క గడపలో అడుగుపెడితే వాడు టీవీలో కార్టూన్ వదిలేసి లేచేవాడు. తను కూర్చున్నాకే కూర్చునేవాడు. ఎవరింట్లోనో ఉగాది భోజనాలప్పుడు ఒకాయన, పక్కపక్కన ఆడుకుంటున్న మావాణ్ణీ పాపనీ చూసి, "ఈడూ జోడూ బాగుంది, ముడిపెట్టేద్దామా?" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. "అక్కాతమ్ముళ్లకి ముడిపెడతారేంటండీ మీ ఇళ్లల్లో?" అంది. ఆయన మొహం చూడాలి!

ఆ తర్వాత అక్కకి జబ్బు చేసింది. దానితో కూడా మొండిగానే పోట్లాడింది. కిందటి నెల హాస్పిటల్లో చూడ్డానికెళ్తే, మంచం పక్కన నిలబడ్డ మావాడితో, "కూర్చోరా చిన్నోడా, కాళ్లు నొప్పెడతాయి" అంది. "You sit first, అమ్మా. లేచి కూర్చో" అన్నాడు వాడు. ఎలాగో దిండు ఆనుకుని లేచి కూర్చుంది. అప్పుడు కూర్చున్నాడు.

మొన్న అక్క అంత్యక్రియలకి చర్చిలో మేం మొహమాటంగా వెనక వరసలో కూర్చున్నాం. ముందు వరసలు రక్తసంబంధీకులవి కదా. బావగారు అందర్నీ దాటుకుంటూ మా దాకా వచ్చారు. "కొడుకు ఇక్కడ కూర్చోవడమేంటమ్మా?" అని వాడి చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించుకెళ్లారు. కొన్ని తలలు తిరిగాయి. నేను వాటి వైపు చూడలేదు.

పెట్టె లోపలికి తెచ్చినప్పుడు అందరం లేచాం. దాన్ని వేదిక ముందు దించారు. పాస్టర్‌గారు ప్రార్థన చేసి కూర్చోమన్నారు. అందరూ కూర్చున్నారు. మావాడు కూర్చోలేదు. పక్కనున్న పెద్దాయన భుజం తట్టి, "కూర్చో బాబూ" అన్నాడు.

"అమ్మ ఉంది కదా" అన్నాడు వాడు.

పాప వాడి వైపు చూసింది. తనూ లేచి వాడి పక్కన నిలబడింది. ఆరాధన అయ్యేదాకా ఆ ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు.