మూడు పేటల బంతిపూల దండ

స్టుట్‌గార్ట్‌లో ఎస్-బాన్ రైలు ఎక్కించి, దిగాక ఊరి బయట బురద మైదానం దాకా నడిపించుకొచ్చింది మా అమ్మాయి. అక్కడ కోడిగుడ్డు ఆకారపు బాట మీద తలుపులు పీకేసిన పాత కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పందెంలో తిరుగుతుంటే, మాడిన రబ్బరూ పెట్రోలూ మరిగిన నీళ్ల ఆవిరీ కలిసిన వాసన వచ్చింది. ఇక నేను బెంచీ మీద కుదురుగా కూర్చుంటే ఒట్టు. నా అవస్థ చూసి మనవరాలు మీరా ఒకటే నవ్వు. దానికి చెప్పక తప్పలేదు.

అరవైల్లో సికింద్రాబాదులో ఇలాంటి పందెమే ఒకటి జరిగింది. వానలు వెనక్కి తగ్గి ఎండ చురుక్కుమంటున్న దసరా రోజులు. ఇల్లంతా గారెల నూనె వాసన, వీధి నిండా గోలీలాటలు, జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే పెద్దలిచ్చే పప్పు బెల్లాలు. మా నాన్న ఒక సేఠు మోటారు షెడ్డులో మెకానిక్కు. పందెంలో నాన్న నడిపే షెడ్డు కారు గెలిస్తే నాన్నను పెద్ద మేస్త్రీని చేస్తానన్నాడు సేఠు. నెల రోజులు నాన్న ఆ కారు కిందే బతికాడు. గోళ్లలో గ్రీజుతోనే అన్నానికి కూర్చుంటే అమ్మ తిట్టేది.

ఆయుధపూజకు పానాలకూ జాకీలకూ బొట్లు పెట్టారు గానీ, పందెం నాటి పొద్దున తొమ్మిదేళ్ల నా కంటికి కారు బోసిగా కనిపించింది. మిగిలిన బంతిపూలన్నీ గుచ్చి, మూడు పేటల దండ చేసి, కారు ముందు జాలీకి సందు లేకుండా కట్టేశాను. నాన్న వచ్చి దండ మీద చెయ్యి వేసి, నా మొహంలోకి చూశాడు.

"మంచిగున్నది బిడ్డా," అని వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆరు చుట్లు నాన్నే ముందు. నేను కాలు నిలవక ఎగురుతూనే ఉన్నాను. ఏడో చుట్టులో బానెట్టు కింద నుంచి ఆవిరి బుస్సున లేచి కారు ఆగిపోయింది. నాన్న దిగి, సేఠు పరుగున వచ్చేలోపు ఉడికిన దండను తెంపి చొక్కాలో దోపుకున్నాడు.

"నీళ్ల గొట్టం నేనే సరిగ బిగియలే సేఠ్," అన్నాడు.

మేస్త్రీ పని ఇంకొకడికి పోయింది. నాన్న చివరిదాకా వాడి కిందే పనిచేశాడు. జాలీ మూసేస్తే గాలి ఆడక ఇంజను ఉడికిపోతుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అడుగుదామనుకుంటూనే, సిగ్గుతో నోరు రాక, ఆయన పోయేదాకా అడగలేదు. ఆ మైదానం లేదు, షెడ్డూ లేదు, జమ్మి ఆకు పెట్టడానికి ఆ చేతులూ లేవు.

మీరా జర్మన్‌లో, ఆ దండతో కారు ఆగిపోతుందని ఆయనకు ముందే తెలుసా అని అడిగితే, మా అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పింది.

"తెలుసు బిడ్డా," అన్నాను. "మెకానిక్కు కద, తెల్వకుంట ఎట్లుంటది?"