విక్టర్ సార్ కారు కుడికి తిరగదు

మీరు మెదక్ వస్తే చర్చి చూడండి, ఖిల్లా ఎక్కండి, ఫొటోలు దిగండి, మీ ఇష్టం. విక్టర్ సార్‌ను కలవకుండా మాత్రం తిరుగు బస్సు ఎక్కొద్దు. కలవడం పెద్ద కష్టమేం కాదు. ఏ గల్లీ మూల మీదైనా కాసేపు నిలబడితే మీగడ రంగు అంబాసిడర్ ఒకటి వస్తుంది. చెయ్యెత్తి, కుడిపక్క రోడ్డులో పనుంది, దింపుతారా అని అడగండి. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి, ఎడమ నుంచి పోదాం" అంటారు. ఆయనే విక్టర్ సార్. ఆయన కుడికి తిరగరు.

లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మనిషి రిటైరయ్యారు గానీ లెక్కలు కాలేదు. ఎవరైనా నవ్వితే వేళ్లు ముడిచి చూపిస్తారు. "ఒక కుడి అంటే ఏంది? మూడు ఎడమలు. జవాబు కరెక్ట్ వస్తే మార్కులు వెయ్యాల్నా వద్దా?"

అసలు జబ్బు కారుది. దానికి పుట్టుకతో వచ్చిన పెట్రోల్ ట్యాంకు ఎప్పుడో పోయింది. సార్ కొనేనాటికే ఎవరో మహానుభావుడు ఇంకేదో బండి ట్యాంకు తెచ్చి డిక్కీ కింద బిగించి ఉంచాడు. పెట్రోలు పీల్చే పైపు దాంట్లో కుడి మూలన ఉంది, కొస తుప్పు పట్టి విరిగిపోయింది కూడా. నిండా పోయిద్దామంటే పై అతుకులోంచి కారుతుంది. సగమే పోస్తే, బండి కుడికి తిరిగినప్పుడల్లా పెట్రోలంతా ఎడమ మూలకు పారిపోతుంది. పైపు గాలి మింగుతుంది. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి పడుకుంటుంది. ఎడమకు తిప్పారా, పెట్రోలంతా పైపు దగ్గరికే వచ్చి నిలబడుతుంది. ఏ గొడవా లేదు.

ఇంకొకరైతే ట్యాంకు మార్చేవారు. విక్టర్ సార్ దారి మార్చారు.

ఏళ్లు గడిచేసరికి ఆ జబ్బు కారును వదిలి మనిషికి పట్టుకుంది. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎవరో, నడిచి పోతున్నవాళ్లే, చర్చికి దారి అడిగారు. సార్ చెప్పడం మొదలుపెట్టారు. "గిట్ల పోయి ఎడమకు తిరుగుండ్రి, ముంగట మళ్ల ఎడమ, మార్కెట్ దాటంగనే ఇంకో ఎడమ..."

"సార్, గోపురం ఇగో ఇక్కడే కుడిపక్క కనబడ్తుంది గదా!"

"కనబడ్తది బిడ్డా. కనబడుడు వేరు, చేరుడు వేరు."

పక్కింటి పౌలు పెళ్లి సంగతైతే ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లికొడుకును తన కారులోనే తీసుకెళ్తానని సార్ మాటిచ్చారు. ఫంక్షన్ హాల్ పెద్ద గేటు రోడ్డుకు కుడిపక్క. ఆడపెళ్లివాళ్లు అక్కడ పూలు, బ్యాండు, వీడియో అన్నీ సిద్ధం చేసుకుని నిలబడితే, కారు ఎడమలన్నీ వెతుక్కుంటూ వెళ్లి వెనక గేటులో తేలింది. పెళ్లికొడుకు తలుపు తీసి బిర్యానీ డేగిసాల మధ్యలో కాలు పెట్టాడు. వంట మనిషి తలకాయ కూడా ఎత్తకుండా, "ఉల్లిగడ్డలు గీడ దించు" అన్నాడట.

ఇదంతా ఇలాగే సాగిపోయేది, కౌడిపల్లి దగ్గర రోడ్డే కుడికి తిరగకపోయి ఉంటే. రోడ్డే తిరిగితే సార్ మాత్రం ఏం చేస్తారు? వంపు మధ్యలో ఇంజన్ దగ్గి ఆగింది. వెనకాల లారీ. లారీవాడు బ్రేకు తొక్కిన తొక్కుడుకు, కారులో ఉన్న సార్ భార్య లిడియా టీచర్‌కు దేవుడి మహిమ, లారీ నంబరు ప్లేటు మీది నట్లు, రెండూ ఒకేసారి కనిపించాయి. ఇంటికొచ్చాక ఆమె ఒకటే మాటన్నారు.

"ఏమండీ, ట్యాంకన్న మార్చుండ్రి, లేకుంటే నన్నన్న మార్చుండ్రి."

సార్ వెంటనే జవాబు చెప్పి ఉంటే బాగుండేది. కాసేపు ఆలోచించారు. అందుకని మరునాడే కారు హసన్ షెడ్డులో ఉంది.

ఇక్కడ హసన్ గురించి చెప్పాలి. మీసం నెరిసేదాకా స్కూటర్లు, ఆటోలు విప్పి బిగించినవాడు. మనసంతా పాత కార్ల మీద. ఒక్క పాత బండి చేతికి చిక్కితే, దాన్ని చక్కగా చేసి చూపిస్తే, చుట్టుపక్కల పాత బండ్లున్న వాళ్లంతా తన పేరే చెప్పుకోవాలని ఆశ. చేగుంట ఎల్లం దగ్గర తండ్రి నాటి జీపు ఉంది, దానికీ ట్యాంకు రోగమే. "ముందుగాల సార్ బండి మంచిగ చేసి చూపియ్యి హసన్ భాయ్. కుడికి తిరిగిందంటే నా జీపు నీకే. మా దోస్తుల బండ్లు గూడ నీ షెడ్డుకే" అని ఎల్లం అన్నాడు. హసన్‌కు నిద్ర పట్టలేదు.

పాతది పీకి పారేశాడు. మందం రేకుతో కొత్త ట్యాంకు కట్టించాడు, పాతదాని కన్నా పెద్దది. లోపల పెట్రోలు అటూ ఇటూ ఉరకకుండా అడ్డ రేకులు. నడుమ అడుగున చిన్న గిన్నె, ఆ గిన్నెలో కొత్త పైపు. సార్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని అడుగుతూనే ఉన్నారు.

"గా గిన్నె ఎందుకయ్యా?"

"దావత్‌ల పప్పు బకెట్ చూడలేదా సార్? పప్పు అడుగంటినంక బకెట్ వంగితే గరిటకేం దొరుకుతది? అదే గరిట కింద ఎప్పుడు నిండుండే గిన్నె పెట్టినమనుకో, బకెట్ ఎటు వంగితే ఏంది?"

"అంటే కుడికి తిప్పితే..."

"కుడికి కాదు సార్, బొంగరం లెక్క తిప్పుండ్రి. ఆగితే నా పేరు హసన్ కాదు."

ఖాళీ మైదానంలోకి తీసుకెళ్లి హసనే నడిపాడు. కుడికి, ఇంకా కుడికి, గుండ్రంగా, దుమ్ము లేచేదాకా. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గలేదు. సార్ మాత్రం కడుపు పట్టుకున్నారు. "ఆపయ్యా, బండి ఆగేటట్టు లేదు, నేనే ఆగేటట్టున్న." దిగి, ముఖం తుడుచుకుని, మెల్లగా అడిగారు. "జర గంత కూడ దగ్గదా? ఎప్పుడన్న ఒకసారి?"

"అస్సలు దగ్గది సార్!" అన్నాడు హసన్ ఛాతీ ఉబ్బించి. సార్ ముఖం ఎందుకు చిన్నబోయిందో అప్పుడు వాడికి అర్థం కాలేదు.

మరునాడు పొద్దున హసన్ టీ తాగుదామని రాందాస్ చౌరస్తాకు వచ్చాడు. అంతలో మీగడ రంగు అంబాసిడర్ వచ్చింది. హసన్ గ్లాసు కింద పెట్టి, మీసం సవరించుకుని, నలుగురికీ కనబడేలా నిలబడ్డాడు. కారు నిదానించింది. ఇండికేటర్ వెలిగింది. ఎడమ ఇండికేటర్.

టీ కొట్టు రమేశ్ ఊరుకుంటాడా? "హసన్ భాయ్, ట్యాంకు కొత్తదే గాని బుద్ధి పాతదే పెట్టినవా ఏంది?"

ఆ రోజు నుంచి హసన్‌కు బజారులో తలెత్తుకుని నడిచే వీల్లేదు. కనబడ్డవాడల్లా ఎడమ చెయ్యి ఊపుతాడు. సార్‌ను అడిగితే, "ఏమో హసన్, జర డౌట్‌గ ఉంది. నాకైతే లోపల దగ్గినట్టే ఇనబడుతుంది" అంటారు. హసన్ ట్యాంకు దించాడు, చూశాడు, ఎక్కించాడు. పైపు ఊదాడు. గిన్నె కడిగాడు. ఏ దోషమూ లేదు. ఇంట్లో భార్య నాజ్ చెప్పింది. "పైపును అడిగితే ఏం చెప్తది? నడిపే మనిషిని అడుగు."

అడగాల్సిన పని లేకుండా పోయింది. ఏదో సామాను కోసం శంకరంపేట వైపు పోతుంటే, ఎదురుగా సార్ కారు. ఊరి బయట, ఎవరూ లేని చోట, ఆ కారు వచ్చి కుడిపక్క మట్టిరోడ్డులోకి వెన్నలాగా తిరిగింది. లోపల సార్ ఈల వేసుకుంటున్నారు.

హసన్ మోటార్‌సైకిల్ పక్కకు ఆపి ఆ మట్టిరోడ్డు దుమ్ము వైపు చూశాడు. తిరుగుతుంది! మస్తుగా తిరుగుతుంది! మరి ఊళ్లో తన ఇజ్జత్ ఎందుకు తీస్తున్నట్టు? రేపే ఎల్లం జీపు తీసుకుని చౌరస్తాకు వస్తానన్నాడు. ఈ మాస్టారు మళ్లీ ఎడమకు తిప్పితే ఆ జీపు వచ్చిన దారినే పోతుంది.

పొద్దున్నే సార్ ఇంటి ముందు కాపుకాశాడు. సార్ కారు తీయగానే ముందు సీట్లో ఎక్కి తలుపేసుకున్నాడు.

"సార్, ఇయ్యాల నేను గూడ వస్త. చర్చి కాంపౌండ్‌ల పిల్లలకు లెక్కలు చెప్పనీకే గద పోతరు? కుడికి కొడితే రెండు నిమిషాలు. కొట్టుండ్రి."

సార్ ఇండికేటర్ వేశారు. ఎడమకు కొట్టారు.

"సార్! శంకరంపేట రోడ్డు మీద నేను చూసిన!"

సార్ చెవులు ఎర్రబడ్డాయి. "జర సప్పుడు చెయ్యకు హసన్" అని మళ్లీ ఎడమకు తిప్పి, ఒక సన్నటి గల్లీలో ఆపారు. అక్కడ అరుగు మీద మన్సూరా బేగం కూర్చుని ఉంది, పక్కన కుట్టిన లంగాల మూట. రోజూ మార్కెట్‌లో దుకాణానికి ఇచ్చి వస్తుంది. సార్ ఆమెను ఆపా అంటారు, అంటే అక్కా అని. ఆమె సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరి ఎహసాన్, అదే ఉపకారం, ఒప్పుకోదు. మీరు ఒక చాయ్ తాగిస్తే ఆమె రెండు తాగిస్తుంది. ఊరికే దింపుతానన్న ఆటోవాడిని ఒకసారి చెప్పుతో తరిమింది.

ఆమె లేచింది. కుడి మోకాలు వంగడం లేదు. ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి కారులో పెట్టుకుని, తర్వాత మనిషి ఎక్కి, మూట ఒళ్లో పెట్టుకుంది. సార్ అద్దంలో కూడా చూడలేదు. బయట కాకిని చూస్తున్నారు.

"ఏం మాష్టర్ సాబ్, ఇంక తిరుగుతలేదా కుడికి?"

"యాడ తిరుగుతది ఆపా. నీ గల్లీ మీదికెల్లి పోక తప్పుతలేదు."

"తప్పకనే వస్తవు, నాకు తెల్వదా? తిరిగితే గీడికి రావొద్దు. ఎవ్వరు నాకోసం తిప్పలు పడొద్దు. నీకు దారి గిదే ఉన్నది గనుక కూసుంటున్న." అని హసన్ వైపు తిరిగింది. "అయినా నేను కూసుంటేనే గీ బండి నడుస్తది, తెల్సా? ఆగిందనుకో, నేను సీటు మీద ఒక్కటి కొడ్త. ఠక్కున లేస్తది. నేను లేకుంటే మాష్టర్ సాబ్ ఎన్నడో రోడ్డు మీద కూసునేటోడు."

"అవునవును" అన్నారు సార్ చాలా సీరియస్‌గా. "ఆపా లేకుంటే నాకు కష్టమే."

హసన్ ఆమె మోకాలు చూశాడు. సార్ చెవులు చూశాడు. శంకరంపేట మాట మళ్లీ ఎత్తలేదు.

చౌరస్తాలో ఎల్లం జీపు అడ్డంగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కారుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "ఆగు సార్, ఆగు! హసన్ భాయ్, జీపు తెచ్చిన. ముందుగాల సీదా చెప్పు. తిరుగుతదా, తిరగదా?"

"చెప్పుడెందుకన్నా, తిప్పి చూపియ్‌మను!" అని టీ కొట్టులోంచి రమేశ్ అరిచాడు. గ్లాసులు పట్టుకుని జనం రోడ్డు మీదికొచ్చారు.

వెనక సీట్లోంచి మన్సూరా బేగం కూడా అంది. "తిప్పు మాష్టర్ సాబ్. తిరిగిందనుకో, రేపటి నుంచి నీ దారి నీది, నా దారి నాది."

సార్ హసన్ వైపు చూశారు. ఎడమకు పోదామంటే జీపు అడ్డం. తప్పించుకునే లెక్క ఏదీ దొరకలేదు. మెల్లగా స్టీరింగ్ కుడికి తిప్పారు. కారు కుడికి నడిచింది. దగ్గు లేదు, తుమ్ము లేదు, కుట్టు మిషను లాగా సాగుతోంది. ఆ చప్పుడు వింటే హసన్‌కు కడుపు నిండిపోయింది. గిన్నె నిండుగా ఉంది, పైపు పీలుస్తోంది, అడ్డ రేకులు పెట్రోలును పట్టుకుని ఉన్నాయి. ఇంకో నాలుగు గజాలు పోతే చాలు, చేగుంట దాకా తన పేరే.

కారు తాళం డ్యాష్‌బోర్డు నడుమ వేలాడుతోంది. హసన్ దుమ్ము తుడిచినట్టుగా చెయ్యి చాపాడు. తాళం తిప్పాడు.

ఇంజన్ చచ్చింది. చౌరస్తా అంతా గొల్లున నవ్వింది. రమేశ్ ఎడమ చెయ్యి ఊపాడు. "గిదేనా నీ కొత్త ట్యాంకు!" అని ఎల్లం జీపు ఎక్కి, పొగ వదిలి, వచ్చిన దారినే పోయాడు.

"చలో!" అని మన్సూరా బేగం సీటు మీద ఒక్కటి చరిచింది. హసన్ తాళం మెల్లగా వెనక్కి తిప్పాడు, సార్ సెల్ఫ్ కొట్టారు, బండి లేచింది.

"చూసినవా?" అందామె. తర్వాత హసన్ ముఖం చూసి జాలిపడి, ముందుకు వంగి, నెరిసిన మీసమున్న ఆ మనిషి భుజం తట్టింది. "ఫికర్ చెయ్యకు బేటా. పని చేసుకుంట పోతే అదే వస్తది. మా చెల్లె కొడుకు అబ్దుల్ మంచి మెకానిక్, ఆని దగ్గర జర నేర్చుకో."

సార్ ఏదో అనబోయారు. హసన్ మోచేత్తో పొడిచి ఆపాడు.

"జీ ఖాలా, నేర్చుకుంట" అన్నాడు హసన్. "సార్, ఎడమకు కొట్టుండ్రి."

చౌరస్తా అంతా చూస్తోంది, తాళం చేతికందేంత దూరంలో వేలాడుతోంది. ఆ సీట్లో మీరుంటే ఏం చేసేవారు?