రేకుకో వాక్యం

పదో తరగతితో నా బడి ఆగింది. తర్వాతి చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. ఎవరూ చెప్పకుండా, బీరువా తర్వాత బీరువా చదువుకుంటూ పోయాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే.

పెళ్లయి ఆత్రేయపురం వచ్చాక, మా అత్తగారు, పక్కింటి పిన్నిగారు పూతరేకులు తీసే పాకలో నాకు చుట్టే పని ఇచ్చారు. రేకులు పోగయ్యేదాకా నా చేతులు ఖాళీ. చుట్టడానికి నెయ్యి ముట్టుకోకముందే వాళ్లకు కథలు చదివి వినిపించేదాన్ని. చదివింది నాలోనే ఉండిపోతే సగమే చదివినట్టుండేది.

ఒకసారి కొత్త కథల పుస్తకం తెచ్చాను. అందులో అందరూ కాస్త తిక్క మనుషులే, కానీ ఎవరికీ ఆశ చావదు. ఒక కథలో ఒకాయన నగరంలో ఒంటి చెప్పుల కొట్టు పెడతాడు. జత తప్పిన చెప్పులు ఏరి తెచ్చి, తుడిచి, వరసగా పేరుస్తాడు. ఏనాటికైనా రెండో చెప్పు ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వస్తారని ఆయన నమ్మకం.

"ఆ కొట్టేదో పిఠాపురం గుడి ముందు పెడితే రోజూ బేరమే కదండీ వదినగారూ," అన్నారు పిన్నిగారు.

అత్తగారికి నవ్వాగలేదు. పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద పరిస్తే, రెప్పపాటులో రేకు వస్తుంది. వెంటనే తీయకపోతే మాడుతుంది. ఆ పూట చాలా మాడాయి. సాయంత్రానికి రావులపాలెం కొట్టుకు సరుకు వెళ్లాలి.

"పుస్తకం మూసెయ్ అమ్మాయ్. ఇంక పాకలో కథలొద్దు," అన్నారు అత్తగారు.

మర్నాడు పొయ్యిలో కొబ్బరాకుల చిటపట తప్ప మాటల్లేవు. రేకులు మాత్రం చక్కగా వస్తున్నాయి. కాసేపటికి అత్తగారు కుండ మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"ఇంతకీ ఆ కొట్టుకి ఎవరన్నా వచ్చారా?"

"చదివితేనే తెలుస్తుందండి," అన్నాను.

"అయితే నేను గుడ్డ పరిచినప్పుడు ఆగు. రేకు లేచాక చదువు."

అలా రేకుకో వాక్యం. చిన్న కథే, మధ్యాహ్నం దాకా సాగింది. ఇంట్లో అయితే గబగబా చదివి దాటేసే మాటలు ఆ ఆగడంలో నాకు వినపడ్డాయి. ఇప్పుడు ఆ పాక లేదు. గ్రంథాలయంలో ఒక్కదాన్నే కూర్చున్నా, వాక్యం చివర ఎవరో రేకు తీసుకోవాలన్నట్టు ఆగుతాను.

ఆ రోజు ఆఖరి పేజీలో ఒకామె, ఒక కాలికే చెప్పుతో, ఆ కొట్టు మెట్లెక్కుతుంది. అక్కడ ఆగి తలెత్తాను. అత్తగారు గుడ్డ ముంచలేదు. కుండ ఊరికే కాలుతోంది.

"కానియ్ అమ్మాయ్," అన్నారు.