రెండు ముద్రల కాగితం

ఈ ఉదయం పెన్షన్ ఆఫీసులో నా బొటనవేలు నన్ను గుర్తుపట్టలేదు. ఏటా ఒకసారి వెళ్లి, నేనింకా బతికే ఉన్నానని ఒక చిన్న యంత్రం మీద వేలు నొక్కి చెప్పుకోవాలి. రుమాలుతో తుడిచి నొక్కాను, కుళాయి కింద కడిగి నొక్కాను, తలకు రాసుకున్న నూనె కాస్త వేలికి అద్ది కూడా నొక్కాను. యంత్రం ఎర్రగా వెలిగి ఊరుకుంది. బల్ల వెనకున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, మీరు మీరేనని రాసున్న కాగితం ఏదన్నా తెండి కాకా, అంది మరాఠీలో. ఊర్జానగర్ కాలనీలో ఉంటూ థర్మల్ స్టేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. సరిగ్గా ఇలాంటి కాగితాల కోసం ఎంతమందిని చంద్రపూర్ ఎండల్లో తిప్పానో నాకే తెలుసు. కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. అలాంటి కాగితం సంపాదించడంలో మా ఇంట్లోనే ఒక మొనగత్తె ఉంది మరి. నా చెల్లెలి కూతురు, నా మేనకోడలు.

చెల్లెల్ని మేం జివతి గుట్టల్లో, సరిహద్దు మీదున్న ఒక ఊరికి ఇచ్చాం. ఆ ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ అంటాయి. అందుకని అక్కడ అన్నీ రెండేసి. రెండు బడులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు, ఇద్దరు సర్పంచులు. అంగన్‌వాడీలు కూడా రెండు. పిల్లలు మహా తెలివైనవాళ్లు, ఏ పక్క గుడ్డు ఉడికిన వాసన వస్తే ఆ పక్కకు పోయి కూర్చుంటారు. ఫోన్లలోనూ రెండు సిమ్ములు. గుట్టకు ఈ వైపు ఒకటి పలుకుతుంది, ఆ వైపు ఇంకొకటి. ఆ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఏదైనా ఒక్కటే ఉందంటే, అయ్యో పాపం ఒకటేనా, అని జాలిపడతారు. నా మేనకోడలు ఐదో తరగతి దాకా తెలుగు బడిలో, అక్కణ్ణుంచి పన్నెండు దాకా మరాఠీ బడిలో చదివింది. పెళ్లీ ఆ ఊళ్లోనే. పుట్టింటికీ అత్తింటికీ నడుమ రెండు పత్తిచేలు. పెళ్లయ్యాక ఈ పక్క, అంటే మరాఠీ పక్క అంగన్‌వాడీలో సేవికగా, అంటే పిల్లల టీచరుగా చేరింది.

ఆమె కోరిక ఒక్కటే, సూపర్‌వైజర్ కావాలి. ఎక్కడినుంచో జీపులో వచ్చే సూపర్‌వైజర్లు ఏ పిల్ల ఎందుకు బక్కగా ఉందో అడగకుండానే రిజిస్టర్ మీద సంతకం పెట్టి పోతారని ఆమెకు మంట. "గీ గుట్టల మాట తెల్సినోళ్లు రావాలె గద మామా!" అనేది. దానికి డిగ్రీ కావాలి, అదీ వయసు దాటకముందే. ఒళ్లో చంటివాడున్నాడు, వాడు నడిచి బడి గడప తొక్కేదాకా కాలేజీ మాట ఎత్తడానికి లేదు. వాడు పెద్దయ్యేసరికి ఆమెకు మిగిలేది రెండేళ్లు. డిగ్రీకి పట్టేది మూడేళ్లు. ఈ సంగతి చెప్పుకొని బాధపడితే నేను గుమాస్తాలా, "ఇడిసిపెట్టు బిడ్డా, కాదది," అన్నాను. అది నేనిచ్చిన మొదటి సలహా. రెండోది ఇంతకంటే ఘోరమైనది.

ఆమె విడిచిపెట్టలేదు. ఒక శిక్షణలో ఎవరో మేడమ్ చెప్పిందట, కాలేజీలో చేరకముందే ఫోన్లో కొన్ని పాఠాలు చదివి పరీక్ష రాయొచ్చనీ, పాసైతే ఆ చదువు తాలూకు క్రెడిట్లు మన పేరు మీద భద్రంగా ఉంటాయనీ, చేరేనాడు చూపిస్తే ఆ మేరకు చదువు తగ్గుతుందనీ. అన్నీ కూడితే ఏకంగా రెండో ఏడాదిలో కూర్చోబెడతారట. నాకు నమ్మకం కలగలేదు. బడిలో చేరకముందే హాజరు వేయించుకోవడం ఎక్కడైనా ఉందా?

చదవడానికి ఆమెకు దొరికింది రోజుకు ఒక గంట. పిల్లలకు కిచిడీ పెట్టి, మూతులు కడిగి, చాపల మీద పడుకోబెట్టాక వచ్చే గంట. గుమ్మానికి ఆనుకొని కూర్చొని ఒక చెవిలో పాఠం పెట్టుకునేది, రెండో చెవి పిల్లలకు. ఒకసారి నేను వెళ్లినప్పుడు చూశాను. ఫోన్లో పంతులమ్మ పిల్లల పోషణ గురించి చెబుతోంది. ఈమె నిద్రపోతున్న ఒక పిల్ల చెయ్యి మెల్లగా ఎత్తి, జబ్బ చుట్టూ కొలత టేపు పెట్టి చూసి, నొసలు చిట్లించి, పుస్తకంలో ఏదో రాసుకుంది. అది పాఠానికో, ఆ పిల్లకో నాకు తెలియలేదు. బహుశా రెంటికీ. పరీక్షలకు చంద్రపూర్ వచ్చి మా ఇంట్లోనే దిగేది. మే నెల ఎండకు గోడలే కాలిపోతుంటే, మా ఆవిడ ఆమె సంచిలో ఒక ఉల్లిగడ్డ వేసి, వడదెబ్బ కొట్టదులే, పో, అని పంపేది. ఆ ఉల్లిగడ్డ అలాగే తిరిగొచ్చి కూరలో పడేది.

ఇక నా రెండో సలహా. సగం పాఠాలు అయ్యాక వానలు పట్టుకున్నాయి. ఈ వైపు టవర్ మూగబోయింది. "పాత నంబర్‌కు ఓటీపీ వస్తలేదు మామా, పరీక్ష ఫారం నింపుడు గిట్ల ఆగిపాయె," అని ఆ వైపు సిమ్ము నుంచి ఫోన్ చేసింది. ఫారాలంటే నా అంతవాడు లేడని నా గట్టి నమ్మకం. "ఏముంది, కొత్త నంబర్‌తో ఇంకో ఖాతా తెరువు. పాతదానికి అడ్డం రాకుండ పుట్టింటి పేరు పెట్టు. మనకు ఏదైనా రెండుంటే మంచిదే," అన్నాను. ఆ ఊళ్లో ఎవరినడిగినా అదే చెప్పేవారు. ఆమెకూ అది తప్పనిపించలేదు. సగం చదువు భర్త పేరున్న ఆవిడ ఖాతాలో, సగం తండ్రి పేరున్న ఆవిడ ఖాతాలో పడింది.

కాలేజీలో చేరే రోజు నేనూ వెంట వెళ్లాను, పెద్దమనిషి తరహాగా. కౌంటర్ మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని, "హ్యా దోఘీ కోణ్?" అంది. ఈ ఇద్దరూ ఎవరని. నా మేనకోడలు, "దోఘీ మీచ్, మేడమ్," అంది. ఇద్దరూ నేనేనని. మేడమ్ చెడ్డది కాదు, నిబంధన చెప్పింది. ఇద్దరూ ఒకరేనని పంచాయతీ నుంచి కాగితం తెస్తే రెండో ఏడాది, లేకపోతే మొదటి ఏడాది. గడువు నాలుగు రోజులు. మొదటి ఏడాదంటే వయసు దాటిపోవడమే. ఆ గంటలన్నీ నా నోటి తొందరకు బలి. బస్టాండులో బెంచీ మీద కూర్చొని తల ఎత్తలేకపోయాను. ఆమె నా చేతిలో చెరుకురసం గ్లాసు పెట్టి, "నీ తప్పేం లేదు మామా, మా ఊరే గట్లుంటది," అంది. తిడితే బాగుండేది.

ఊరికి వెళ్లాం. ఈ పక్క సర్పంచ్ భర్త పేరు రాసి ముద్ర వేశాడు, పుట్టింటి దాఖలా తన దగ్గర లేదన్నాడు. ఆ పక్క సర్పంచ్ పుట్టింటి పేరు రాసి ముద్ర వేశాడు, పెళ్లి సంగతి తన పుస్తకంలో లేదన్నాడు. ఇద్దరు ఆడవాళ్లున్నారని ఇప్పుడు రెండు ప్రభుత్వాల సాక్ష్యం దొరికింది! కావలసింది ఒక్క కాగితం మీద ఇద్దరి ముద్రలు. అదే ఆ ఊళ్లో ఎన్నడూ జరగనిది. ఇద్దరూ రోజూ ఒకే బండ మీద కూర్చొని చాయ్ తాగుతారు, ఒకరి ఎడ్లు ఒకరు తోలుకుపోతారు గానీ, ఒక కాగితం మీద ఇద్దరి ముద్రలు పడితే అవతలివాడి పంచాయతీని ఒప్పుకున్నట్టే కదా.

మూడో రోజు పిల్లల తూకం. ఇద్దరు సర్పంచుల మనుమలూ ఆమె అంగన్‌వాడీలోనే. ఆమె ఇద్దరినీ పిలిపించింది. తూకం అయ్యాక రిజిస్టర్ తెరిచి వాళ్ల ముందు పెట్టింది. "చూడుండ్రి కాకా, మీ మనుమలు ఇద్దరు ఒక్క పేజీల ఉన్నరు. ఒకని కింద ఒకడు. నిరుడు ఇద్దరు బక్కగున్నరు, ఏడాదిల ఇద్దరు బరువెక్కిండ్రు. గప్పుడు ఏ పక్కోడని నేను అడిగిన్నా?" అంది. కళ్లు దించలేదు. ఇద్దరూ వంగి రిజిస్టర్లో మనుమల పేర్లు వెతుక్కున్నారు. చివరికి ఈ పక్క సర్పంచ్, "ముద్ర ఏస్తం గానీ, పైన ఎవరిది ఉండాలె?" అన్నాడు. "ఔ, గదే ముచ్చట," అన్నాడు రెండో ఆయన. ఆమె తెల్ల కాగితాన్ని అడ్డంగా తిప్పి, రెండు పేర్లూ ఒకరివేనని పక్కపక్కన రాసి పెట్టింది. పైనా లేదు, కిందా లేదు. రెండు ముద్రలూ పక్కపక్కన పడ్డాయి.

ముప్పై ఏళ్ల నౌకరీలో నాకు తట్టని ఉపాయం అది. నిజం చెప్పొద్దూ, నేను అక్కడే ఏడ్చేశాను. మరునాడు మేడమ్ ఆ అడ్డం కాగితాన్ని నిలువుగా చదవబోయి, మళ్లీ అడ్డంగా తిప్పి, నవ్వి, రెండో ఏడాదిలో పేరు రాసుకుంది. ఆ కాగితం జిరాక్స్ ఇప్పటికీ నా పెన్షన్ ఫైల్లో ఉంది.

వయసు దాటడానికి కొన్ని నెలల ముందు ఆమె డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడు ఆ గుట్టల్లో స్కూటీ మీద తిరిగే సూపర్‌వైజర్ ఆమే. ఇవాళ నా వేలి సంగతి చెప్పి నవ్వుకుందామని పెన్షన్ ఆఫీసు మెట్ల మీదినుంచే ఫోన్ చేశాను. ఎత్తి గుసగుసగా, "మెల్లగ మాట్లాడు మామా, పిల్లలు పండుకున్నరు," అంది. అయితే మళ్లీ చేస్తాలే అన్నాను. "గది కాదు, ఈడి సేవిక చెవుల పాఠం పెట్టుకొని కూసున్నది. అడ్డం రావద్దు. ఆమెకు గీ గంటే ఉన్నది," అంది. నేను ఫోన్ పెట్టేసి, నా కాగితం తేవడానికి మెట్లు దిగాను. ఎందరి సర్వీసు లెక్కలనో సంవత్సరాలు, నెలలు, రోజులుగా రాసినవాణ్ణి, పిల్లలు నిద్రపోయే గంట ఎంత పొడుగుంటుందో మాత్రం నాకు ఈ వయసులో గానీ తెలియలేదు.