ఉమ్మడి గోడకు అవతల

నా చిన్నప్పుడు మేమున్నది సగం ఇల్లు. కోస్తాలో మిషన్ వాళ్లు ఎప్పుడో కట్టిన పెంకుటిల్లు అది. ఒకే కప్పు, ఒకే వరండా, నడుమ ఒక గోడ. గోడకు ఇటు మేము, అటు ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పే పక్కింటి మామ్మగారు. మూడో తరగతితో నా బడి ఆగిపోయింది కాబట్టి నేను నేర్చుకున్నదేదో ఇళ్లలోనే నేర్చుకున్నాను. ఆ గోడ దగ్గర నేర్చుకున్నది ఇన్నేళ్లకు అమెరికాలో సొంత అల్లుడికి చెప్పాల్సి వస్తుందనుకోలేదు. ఒళ్లు మండి రాస్తున్నాను. మాట కటువుగా ఉంటే ఉండనీ.

న్యూజెర్సీలో, పిస్కాటవేకి కాస్త అవతల ఓ పాత ఊళ్లో మా అమ్మాయివాళ్లు పోయినేడు ఇల్లు కొన్నారు. అదీ సగం ఇల్లే. ఎర్ర ఇటుకల జంట ఇల్లు. అద్దంలో చూసుకున్నట్టు ఇటున్నదే అటూ ఉంటుంది. ఇటు చివర ఒక గుమ్మం, అటు చివర ఒక గుమ్మం. ఇటు గుండ్రంగా ముందుకొచ్చిన కిటికీ, అటూ అలాంటిదే. రెంటికీ కలిపి ముందు కొయ్య స్తంభాల వరండా, రెంటికీ కలిపి నడినెత్తిన ఒకే పొగగొట్టం. వందేళ్లు దాటిన కట్టడం కనుక టౌన్ వాళ్లు కాపాడుతున్నారట. వీధి తలుపుకు రంగు మార్చాలన్నా వాళ్లను అడగాలి. నాకది నచ్చింది. బాగున్నదాన్ని పారేసి కొత్తది తెచ్చుకునే దేశంలో ఒక్కదాన్నయినా ఉంచమన్నారు కదా అనుకున్నాను.

మా అల్లుడికి హాల్లో గోడంత టీవీ పెట్టాలని ఉంది. పాత ఫైర్‌ప్లేస్ అడ్డం వచ్చింది. పైనున్న పొగగొట్టానికి ఇటు అదీ, గోడకు అవతల అలాంటిదే ఇంకొకటీ కాళ్లు. కింద మన సగం కొట్టేస్తే గొట్టం బరువంతా పక్కింటివాళ్ల సగం మీద పడుతుంది. ఏదో ఇనప బ్రాకెట్ వేస్తారులే అన్నాడు. టౌన్ వాళ్లను అడిగావా అంటే నవ్వాడు.

"బయట ఏం టచ్ చేయట్లేదు అత్తయ్యగారూ. లోపల మన సైడ్ మన ఇష్టం."

సరిగ్గా మా నాన్న అన్న మాటే.

ఆ రోజుల్లో మా నాన్న నడిమి గోడలో అలమర తొలిపించడం మొదలెట్టాడు. మామ్మగారి దూలాలు కూడా ఆ గోడ మీదే ఆనుకుని ఉన్నాయి. గోడ బీటలిస్తోంది నాయనా అని ఆవిడ వచ్చి చెప్పింది. మా వైపు మేం కొట్టుకుంటే మీకేమని నాన్న కసిరాడు. ఆవిడ వెళ్లిపోయింది. మర్నాడు నాన్ననూ నన్నూ భోజనానికి పిలిచింది. మేస్త్రీని మాత్రం పని ఆపొద్దంది, పాపం కూలి దండగవుతుందని.

మమ్మల్ని గోడవార పీటల మీద కూర్చోబెట్టి, వేడన్నం, చేపల పులుసు వడ్డించి ప్రార్థన మొదలెట్టింది. మా క్రైస్తవుల్లో ప్రార్థన కాకుండా ముద్ద ఎత్తరు, ఆమెన్ అనేదాకా కళ్లు తెరవరు. ఆవిడ ప్రార్థన తెమలదే. ఊళ్లో జబ్బుపడ్డవాళ్లందరినీ పేరుపేరునా తలుచుకుంది. సముద్రం మీద వేటకెళ్లినవాళ్లను తలుచుకుంది. ఈనబోతున్న మా గేదెను కూడా వదల్లేదు. అవతల ఉలి దెబ్బ పడినప్పుడల్లా నా నెత్తిన ఏదో రాలుతోంది. నాన్న గొంతు సవరించుకున్నాడు. అయినా ఆవిడ ఆపలేదు. చివరికి ఆమెన్ అన్నాక కళ్లు తెరిచి చూద్దుం కదా, నాన్న కంచంలో అన్నం మీద సున్నం పెచ్చులు, పులుసులో ఇటుక పొడి.

"తిను నాయనా. నీ సగం గోడలోదే," అంది మామ్మగారు.

నాన్న కంచం పక్కకు జరిపాడు. తర్వాత లేచి వెళ్లి మేస్త్రీ చేతిలో ఉలి తీసేసుకున్నాడు. ఆ కన్నం ఆయనే ఇటుకలు పేర్చి పూడ్చాడు. అంత మంచి పులుసు పారబోశారని నేను ఏడ్చాను.

ఇక్కడ మొన్న పనివాళ్లు ఒక పూట కొట్టి వెళ్లారు. సాయంత్రం పక్కింటి తెల్లావిడ వచ్చింది. నా ఈడుదే, ఒంటరి మనిషి. అల్లుడితో ఏదో చెప్పుకుంది. పాత ఇల్లు కదా, బీటలు మామూలేనని అతను నవ్వుతూ పంపేశాడు. నేను ఆవిడ వెంట వెళ్లాను. చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లింది. మంచం తలాపున గోడ పైనుంచి కిందికి చీలింది. దుప్పటి నిండా ఎర్ర పొడి. ఎక్కడ పడుకుంటావని సైగ చేసి అడిగితే కింద వంటింట్లో కుర్చీ చూపించింది.

మండిపడుతూ ఇంటికొచ్చాను. వీధిన పోయేవాళ్లకు కనబడే గోడను కాపాడడానికి చట్టం ఉందట. ఆ గోడకు తల ఆనించి పడుకునే మనిషి ఎవరికీ పట్టదట.

"రేపు పనివాళ్లు వచ్చేసరికి నేను ఆవిడ మంచం మీద కూర్చుంటాను," అన్నాను అల్లుడితో. "ఆ తర్వాత మీ సైడ్ మీరు కొట్టించుకోండి బాబూ."

"అమ్మా, ప్లీజ్, సీన్ చేయకు," అంది మా అమ్మాయి.

పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. ఆవిడ వద్దంటూనే టీ పెట్టి ఇచ్చింది. ఇద్దరం గోడ వైపు చెవులు పెట్టుకుని కూర్చున్నాం. వ్యాన్ వచ్చిన చప్పుడయింది. తలుపు తీసిన చప్పుడయింది. ఎంతోసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వ్యాన్ వెళ్లిపోయిన చప్పుడయింది. ఆవిడ కప్పు కింద పెట్టి దుప్పటి దులపడం మొదలెట్టింది. రెండో కొస నేను పట్టుకున్నాను.

అల్లుడే పనివాళ్లను తిప్పి పంపాడట, పని ఆగింది. గొట్టానికి ఊతం పెట్టించారు. రెండిళ్ల లోపలా చూసి చెప్పే ఇంజనీరు వచ్చేదాకా ఎవరూ సుత్తి ఎత్తరు. అల్లుడు నాతో ముభావంగా ఉన్నాడు, ఉండనీ. నాకూ ఇంకా చల్లారలేదు.

మామ్మగారింట్లో ఆ పూట నుంచి నాకొక అలవాటు ఉంది. ఏ ఇంట్లో ఉన్నా గోడకు మేకు కొట్టాలంటే ముందు అవతలికి వెళ్లి అడుగుతాను. ఇక్కడ అడగడానికి నాకు భాష లేదు. నిన్న నా గదిలో కేలండరు తగిలించుకోవడానికి మేకూ సుత్తీ రెండూ పట్టుకెళ్లి పక్కింటావిడకు చూపించాను. ఆవిడ మేకును వేళ్లతో పట్టి చూసి, తల అడ్డంగా ఊపి, లోపలికెళ్లి అంతకంటే చిన్నది తెచ్చిచ్చింది. దానితోనే కొట్టాను.