వాయించకూడని చోటు

నా ఎడమచేతి వేలికి చీము పట్టకపోతే ఆమెతో పరిచయమే అయ్యేది కాదు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. హరికథలకు ఫిడేలు వాయిస్తూ, పెనుకొండ, ధర్మవరం తిరిగి, హిందూపురంలో ఒక అద్దె గదికి చేరుకునేవాణ్ని. భార్య పోయి ఏడాది కూడా కాలేదు. గదిలో అడుగుపెట్టగానే ఫిడేలు తీసేవాణ్ని. అక్కడి నిశ్శబ్దం నాకు అసలు గిట్టేది కాదు.

మిషన్ ఆసుపత్రిలో నా వేలికి కట్టు కట్టిన నర్సును ఊరంతా దొరసాని అనేది. ఆమె జర్మనీ యూదురాలు. నాజీల నుంచి తప్పించుకుని యుద్ధానికి ముందే ఇక్కడికి వచ్చింది. యుద్ధం వచ్చాక మన తెలివైన సర్కారు ఆమెనే శత్రుదేశపు మనిషని పోలీసు ఠాణాకు తిప్పింది. ఆమె మాట్లాడే తెలుగు, ఆసుపత్రి వార్డులో ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నది.

"ఏమప్పా, ఫిడేలు వాయిస్తావంట. నాకాడా ఒకటి ఉండాది. మానినాక రా," అంది.

వేలు మానాక నా ఫిడేలు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. వరండాలో స్టాండు మీద పెన్సిలుతో రాసిన కాగితాలున్నాయి. వాళ్ల తమ్ముణ్ని నాజీలు శిబిరంలో బంధించారట. అక్కడే అతను నాలుగు వాయిద్యాల కోసం ఒక సంగీతం రాసి, తోటి ఖైదీలు ముగ్గురితో కలిసి వాయించాడట. ఆ నలుగురినీ తరువాత చంపేశారు. బతికి బయటపడిన స్నేహితుడొకడు దాచి తెచ్చింది ఒక ఫిడేలు వాయించాల్సిన భాగం రాసిన ఈ కాగితాలే. తమ్ముడు వాయించే పెద్ద ఫిడేలు భాగంతో సహా మిగతా మూడూ పోయాయి. ఉన్న ఆ ఒక్క భాగాన్ని ఒక్కసారైనా కడదాకా సరిగ్గా వాయించాలని ఆమె తపన.

మొదలుపెట్టింది. అది నాకు తెలిసిన ఏ రాగానికీ చిక్కలేదు. కాసేపటికి కమాను పైకెత్తి ఆగింది. మా వృత్తిలో పాడేవాడు ఆగితే పక్కవాద్యం అందుకోవాలి. అలవాటు కొద్దీ నేను అందుకున్నాను.

"ఆడ వాయించొద్దప్పా. ఆడ మా తమ్ముడు వాయిస్తాండాడు," అంది.

మిగతావాళ్లు వాయించే చోట్ల ఈ ఫిడేలు ఆగాలని కాగితం మీద ఖాళీలు వదిలి ఉన్నాయి. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. చిన్న ఖాళీలు దాటింది కానీ, చివర్లో ఒక పొడవైన ఖాళీ దగ్గర ఓర్చుకోలేక ముందే కమాను వేసేసింది. మళ్లీ అంతే. "ఊరికే ఉండలేకుండానప్పా," అని ఏడ్చింది.

ఆ బాధ నాకు కొత్త కాదు. ఫిడేలు పెట్టెలో పెట్టేసి, ఆ ఖాళీ ఎన్ని దెబ్బల లెక్కో ఆమెను అడిగి తెలుసుకున్నాను. "నువ్వు వాయించమ్మా. నేను తాళం వేస్తా," అన్నాను.

ఆ పొడవైన ఖాళీ వచ్చింది. తొడ మీద పడుతున్న నా చేతినే చూస్తూ ఆమె నిలబడింది. ముగ్గురు మనుషుల సంగీతం మాకు వినబడకుండా సాగిపోయింది. నేను తల ఊపాను. ఆమె సరిగ్గా అందుకుని కడదాకా వాయించింది. తరువాత ఇద్దరికీ కాఫీ కలిపింది.

కొన్నాళ్లకు ఆమె బంధువులెవరో ఉన్న దేశానికి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు ధర్మవరంలో కథ. రైలు దగ్గరికి పోలేకపోయాను.

కథ చెప్పే భాగవతారు మోహన రాగం అందుకున్నారు. నేను సాధన చేస్తుంటే మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి కూనిరాగం తీసేది ఆ రాగమే. ఆయన ఊపిరి కోసం ఆగారు. ఆ ఖాళీలో నేను అందుకోలేదు.

ఆయన వెనక్కి తిరిగి, "ఏమబ్బా, నిద్రపోతాండావా?" అన్నారు.

"లేదు స్వామీ," అన్నాను. నా కాలి బొటనవేలు తాళం వేస్తూనే ఉంది.